మ్యూనిక్ నుంచి నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు ఒకరోజు ప్రయాణం: ఏది మేలు, ఏది అనవసరం

మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు వేసవి వచ్చిందంటే అమ్మానాన్నలో, అత్తమామలో రావడం, వారిని నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు తీసుకువెళ్లడం దాదాపు ఆనవాయితీ అయిపోయింది. ఆ విధంగా వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వయసుల వారితో వెళ్లివచ్చిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది కోట టికెట్ మీద అచ్చయ్యే ప్రవేశ సమయం. రైలు, భోజనం, కోట బాగా కనిపించే వంతెన, సరస్సు అన్నీ దానికి అనుగుణంగా సర్దుకోవలసినవే.

ఎందుకంటే కోట లోపలికి గైడ్ వెంట బృందంగా తప్ప ఎవరినీ వదలరు. ప్రతి బృందానికీ ఒక సమయం కేటాయిస్తారు. ఆ సమయం దాటిపోతే టికెట్ ఇక చెల్లదు, ఎంత బతిమాలినా గేటు తెరుచుకోదు. టికెట్లు అమ్మేది కోట గుమ్మం దగ్గర కాదు, కొండ దిగువన ఉన్న హోహెన్‌ష్వాంగౌ గ్రామంలో. ఏటా పది లక్షల మందికి పైగా వచ్చే చోటు కనుక, వేసవిలో అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర దొరుకుతాయని నమ్ముకుని వెళ్లడం మంచిది కాదు. టికెట్‌కు కాస్త అదనపు రుసుము పడినా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే గాని, వారి పేరనా అదే సమయానికి టికెట్ ఉండాలి. ఈ సంగతి తెలియక గేటు దగ్గర ఆగిపోయిన కుటుంబాలను నేను చూశాను.

ఇక ఏ సమయం ఎంచుకోవాలన్నది మీ రైలు టికెట్ మీద ఆధారపడుతుంది. బంధువులతో వెళ్లేవారికి చవకైన మార్గం బయెర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్లలో ఒక రోజు తిరగడానికి ఇచ్చే టికెట్. ఒకే టికెట్ మీద ఐదుగురి వరకు ప్రయాణించవచ్చు. మొదటి వ్యక్తికి ఒక ధర, ఆపైన ఒక్కొక్కరికి కొంచెం చొప్పున కలుపుతారు. టికెట్ మీద పేర్లు రాయడం మరచిపోరాదు. శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ ఇది అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది గాని, పనిరోజుల్లో ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి కోటకు దగ్గరి రైలు స్టేషన్ ఉన్న ఫ్యూసెన్ పట్టణానికి సుమారు రెండు గంటలు, అక్కడి స్టేషన్ ముందు నుంచే 73 లేదా 78 నంబరు బస్సులో హోహెన్‌ష్వాంగౌకు మరో పది నిమిషాలు, ఆపైన కొండ ఎక్కడానికి నలభై నిమిషాలు. మధ్యలో బస్సు కోసం వరుసలో నిలబడే సమయం వేరు. కనుక పనిరోజున 9 దాటాక రైలెక్కినవారు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతపు ప్రవేశం తీసుకుంటేనే నిబ్బరంగా ఉండగలరు. దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో, బస్సుల్లో చెల్లే నెలసరి డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవారికి ఈ 9 గంటల నిబంధన లేదు, తెల్లవారి రైలుకే బయలుదేరవచ్చు. కొన్ని రైళ్లు నేరుగా వెళ్తాయి, కొన్నిటికి బుఖ్‌లోయెలోనో కౌఫ్‌బొయిరెన్‌లోనో మారాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే అరగంట ఆగైనా సరే నేరుగా వెళ్లే రైలే ఎక్కించండి.

మ్యూనిక్ నుంచి టూరిస్టు బస్సులు కూడా చాలానే ఉన్నాయి. ఒకసారి అలాంటి బస్సులో మా అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకువెళ్లాము. ఇంటి నుంచి ఇంటికి చింత లేని మాట నిజమే. లిండర్‌హోఫ్ ప్రాసాదం కూడా అదే రోజున చూపించారు. లిండర్‌హోఫ్‌కు రైళ్లు, బస్సులు మారుతూ వెళ్లడం కష్టం గనుక రెండూ చూడాలనుకునేవారికి ఇదొక్కటే పెద్ద ఆకర్షణ. అయితే కొండ మీద ఇచ్చిన సమయం ఎంత తక్కువంటే, వంతెన దగ్గరికి వెళ్లడమా, నాలుగు మెతుకులు తినడమా అని ఎంచుకోవలసి వచ్చింది. పైగా కోట ప్రవేశ టికెట్ ఆ ధరలో కలిసి లేదన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంది. నడక కష్టమైనవారికి, రెండు కోటలూ ఒక్కరోజులో ముగించాలనుకునేవారికి తప్ప ఇది నేను సిఫారసు చేయను. సొంత కారులో వచ్చేవారికి గ్రామంలో డబ్బు చెల్లించే పార్కింగ్ స్థలాలు ఉన్నాయి గాని, సెలవు రోజుల్లో చివరి రెండు మూడు కిలోమీటర్లే ప్రయాణమంతటికీ సరిపడా విసిగిస్తాయి.

గ్రామం నుంచి కోటకు మూడు దారులు. నడక దారి తారు వేసినదే, ఒకటిన్నర కిలోమీటరు మించదు, కాని ఎక్కడా సమతలంగా ఉండదు. గుర్రపు బండి రెండవది. బలిష్ఠమైన గుర్రాలు రెండు, వెనుక పది మంది దాకా పట్టే బండి, చల్లటి ఉదయాల్లో వాటి వీపుల మీద నుంచి లేచే ఆవిరి మీ కళ్లెదుటే కనిపిస్తుంది. పిల్లలకు అది కోట కన్నా పెద్ద సంబరం. డబ్బు బండివాడి చేతికే ఇవ్వాలి కనుక నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకోవాలి. బండి కోట గుమ్మం దాకా రాదని, చివరి కొన్ని వందల మీటర్లూ నడవవలసిందేనని పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. మూడవది చిన్న బస్సు. అది మరియెన్‌బ్రూకె వంతెన సమీపంలో దింపుతుంది, అక్కడ నుంచి కోటకు పది, పదిహేను నిమిషాలు దిగుడు దారి. మోకాళ్ల నొప్పులున్నవారిలో ఎక్కడం కష్టమైనవారూ ఉంటారు, దిగడం కష్టమైనవారూ ఉంటారు. ఎవరికి ఏది అని చూసుకుని బండో బస్సో నిర్ణయించుకోవడం తెలివైన పని. మంచు కురిసినప్పుడు ఈ బస్సు నడవదు.

మరియెన్‌బ్రూకెను కోట లోపలి భాగం కన్నా ముందుగా చూడాలన్నది నా సలహా. పోల్లాట్ లోయ మీద, దిగువన ఉన్న జలపాతానికి సుమారు 90 మీటర్ల ఎత్తున కట్టిన సన్నని వంతెన అది. ఫొటోల్లో మనం చూసే నాయ్‌ష్వాన్‌స్టైన్ కనిపించేది ఇక్కడి నుంచే. అడుగున పరచిన చెక్కలు జనం నడుస్తుంటే కొద్దిగా కదులుతాయి, సందుల్లోంచి లోయ కనబడుతుంది. ఎత్తు అంటే భయపడేవారు మొదట్లోనే ఆగిపోతారు, అందువల్ల అక్కడే రద్దీ ఏర్పడుతుంది. దాన్ని దాటి అవతలి చివరకు వెళితే నిలబడడానికి చోటు దొరుకుతుంది.

కోట లోపలి సందర్శన అరగంటకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని నిట్టూర్చేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. ఆ నిట్టూర్పు రాకుండా ఉండాలంటే కట్టించినవాడి కథ కొంతైనా తెలిసి లోపలికి అడుగుపెట్టాలి. ఇది శత్రువుల నుంచి కాచుకోవడానికి కట్టిన కోట కాదు. బవేరియా రాజు రెండవ లుడ్విగ్ 1869 సెప్టెంబర్ 5న దీనికి పునాదిరాయి వేసేనాటికి కోటల కాలం ఏనాడో ముగిసింది. స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాలంటే ప్రాణమిచ్చే ఆ రాజు, మధ్యయుగపు గాథల్లోని లోకాన్ని తన కోసం నిజం చేసుకోదలచి, రంగస్థల చిత్రకారుడు క్రిస్టియన్ యాంక్ చేత ఊహాచిత్రాలు గీయించి, వాటిని వాస్తుశిల్పుల చేతికిచ్చాడు. ఖజానా సొమ్ముతో కాక సొంత సొమ్ముతోను, అప్పులతోను కట్టించాడు. అప్పులు పెరిగి, 1886 జూన్‌లో మతిస్థిమితం లేదన్న నిర్ణయంతో ఆయనను పదవి నుంచి తొలగించి ఈ కోట నుంచే తీసుకుపోయారు. జూన్ 13న స్టార్న్‌బెర్గ్ సరస్సులో ఆయన శవమై తేలాడు, వెంట ఉన్న వైద్యుడు గుడెన్ కూడా. తాను ఒంటరిగా ఉండడానికి కట్టించుకున్న ఇంట్లో ఆయన మొత్తం మీద గడిపింది 172 రోజులే. ఆయన పోయిన ఏడు వారాలకే తలుపులు ప్రజలకు తెరిచారు.

ఇది తెలిసి సింహాసన మందిరంలో నిలబడితే కనిపించేది వేరు. బంగారు వన్నె గోడలు, నేల మీద జంతువులు, మొక్కల రూపాల్లో పొదిగిన లక్షలాది రాతి ముక్కలు, పైన కిరీటాకారంలో వేలాడే తొమ్మిది వందల కిలోల దీపగుచ్ఛం, చలువరాతి మెట్లు. ఆ మెట్ల పైన మాత్రం ఏమీ లేదు. సింహాసనం తయారు కాకుండానే రాజు పోయాడు. పడకగదిలో చెక్కడపు పని చూడండి: 14 మంది శిల్పులు నాలుగేళ్లకు పైగా చెక్కారు. అక్కడే వాష్ బేసిన్ దగ్గర హంస రూపంలో కొళాయి ఉంటుంది. పాతకాలపు వేషం వేసుకున్న ఈ భవనంలో అన్ని అంతస్తులకూ కొళాయి నీరు, వేడి గాలితో గదులను వెచ్చబరిచే ఏర్పాటు, పనివాళ్లను పిలిచే విద్యుత్ గంటలు, టెలిఫోన్ ఉండేవి. చివర్లో వచ్చే వంటగదిని తొందరలో దాటేయకండి, నాకు సింహాసన మందిరం తర్వాత నచ్చినది అదే. లోపల ఫొటోలు తీయనివ్వరు. పెద్ద సంచులు, పిల్లల బండ్లు అనుమతించరు. మొత్తం మీద మూడు వందలకు పైగా మెట్లు ఎక్కి దిగాలి.

దిగువనున్న పసుపుపచ్చ హోహెన్‌ష్వాంగౌ కోటను చాలామంది వదిలేస్తారు. లుడ్విగ్ బాల్యం గడిచిందీ, నాయ్‌ష్వాన్‌స్టైన్ నిర్మాణాన్ని దుర్భిణితో చూస్తూ కూర్చున్నదీ ఇక్కడే. మనుషులు నిజంగా కాపురమున్న ఇల్లని లోపల అడుగడుగునా తెలుస్తుంది. అయినా ఒక్కరోజులో రెండు కోటల సమయాలు కుదుర్చుకోవడం కన్నా, ఆ గంటన్నరను పక్కనే ఉన్న ఆల్ప్‌సే సరస్సు ఒడ్డున గడపడం పెద్దవాళ్లకు హాయి. అందుకు టికెట్ కూడా అక్కర్లేదు.

భోజనం విషయంలో గ్రామంలోని హోటళ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. శాకాహారులకు దొరికేది కేజెష్పెట్స్‌లె, అంటే చీజ్ కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు వేసిన పిండి వంటకం, లేదా ఉప్పు జల్లిన బ్రెట్జెల్. బంగాళాదుంప సలాడ్ చూడడానికి శాకాహారంలా ఉన్నా, బవేరియాలో మాంసపు రసం కలిపి చేయడం మామూలే కనుక అడిగి తీసుకోవాలి. మావాళ్లు పులిహోర, పెరుగన్నం కట్టుకుని వచ్చి సరస్సు ఒడ్డు బెంచీల మీద తింటారు. ఏ హోటల్ భోజనమూ దానికి సాటి రాలేదు. ఆదివారం ఫ్యూసెన్‌లో సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి గనుక నీళ్లు, చిరుతిళ్లు మ్యూనిక్ నుంచే తెచ్చుకోవాలి.

అరవై దాటినవారితో వెళ్లేవారికి, ఖర్చుకు వెనుకాడకపోతే, ఒక రాత్రి ఫ్యూసెన్‌లో బస చేయడమే ఉత్తమం. అక్కడ బస చేసినవారికి ఇచ్చే అతిథి కార్డుతో స్థానిక బస్సుల్లో ఉచితంగా తిరగవచ్చు. మార్చి చివరి నుంచి అక్టోబర్ 15 వరకు కోట ఉదయం 9 గంటలకే తెరుస్తారు కనుక, మ్యూనిక్ జనం రాకముందే సందర్శన ముగించి, మధ్యాహ్నం లెఖ్ నది జలపాతం, పాతపట్నం వీధులు చూసుకోవచ్చు. చలికాలంలో సందర్శన 10 నుంచి 4 వరకే, మంచు పడితే వంతెన మూసేస్తారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక రద్దీ తగ్గే సూచన లేదు గనుక, జులై, ఆగస్టు నెలలు మాని మే చివరన గాని, సెప్టెంబర్‌లో పనిరోజున గాని వెళ్లేలా బంధువుల విమాన టికెట్లు కొనేటప్పుడే చూసుకోవడం మంచిది. తిరుగు రైళ్లు ఫ్యూసెన్ నుంచి సుమారు గంటకొకటి ఉంటాయి. సాయంత్రం ఐదు తర్వాతి వాటిలో సీటు దొరకాలంటే రైలు బయలుదేరే ముందు ఇరవై నిమిషాలైనా ప్లాట్‌ఫారం మీద ఉండాలి.