బ్రేక్ పెడల్ తన్నే కారుకు డయల్ గేజ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

బ్రేక్ నొక్కితే పెడల్ కాలిని తిరిగి తంతోందని చెబితే చాలు, "డిస్కులు బెండ్ అయ్యాయి సార్, మార్చేద్దాం" అంటారు. నా కారుకూ అలాగే ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చారు. కొన్ని వేల కిలోమీటర్లు హాయిగా నడిచింది. తర్వాత మళ్లీ అదే తన్నుడు. కొత్త డిస్కులు అంత తొందరగా ఎలా వంగుతాయన్న అనుమానంతో కొన్నదే ఈ డయల్ గేజ్, మొన ఎంత కదిలిందో ముల్లుతో చూపించే కొలత పరికరం. ఒక్కో గీత 0.01 మి.మీ., దాంతోపాటు కీళ్ల చేయి ఉన్న మాగ్నెటిక్ స్టాండ్. పేరున్న కంపెనీదేం కాదు. నా కారుతో పాటు చుట్టాల కార్ల మీదా చాలాకాలంగా వాడుతున్నాను.

గేజ్ బయటికి తీసే ముందు రోడ్డు మీద తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వేగం తగ్గేకొద్దీ తన్నుడు కూడా నెమ్మదిస్తే అది చక్రంతో పాటు తిరిగేదే. గంటకు 80 కిలోమీటర్ల మీద మామూలు కారు చక్రం సెకనుకు సుమారు 12 చుట్లు తిరుగుతుంది, 40 మీద అందులో సగం. గట్టిగా నొక్కినప్పుడే గరగరమంటూ కొడితే అది ఏబీఎస్ తన పని తాను చేసుకోవడం. స్టీరింగ్ కూడా వణికితే చాలావరకు ముందు చక్రాలే. పెడల్, సీటు మాత్రమే కదిలితే వెనక కూడా చూడాలి. వెనక డ్రమ్ములున్న కారులో డ్రమ్ము గుండ్రం తప్పినా పెడల్ ఇలాగే కొడుతుంది.

ఇక కొలత. చక్రం విప్పాక చాలా కార్లలో డిస్క్‌ని పట్టి ఉంచేది ఒక చిన్న స్క్రూ మాత్రమే. అలా కొలిస్తే వచ్చేదంతా తప్పుడు లెక్క. వాషర్లు వేసి వీల్ నట్లతోనే డిస్క్‌ని హబ్‌కి (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగానికి) బిగించాలి. స్టాండ్‌ని నకిల్ (హబ్‌ని మోసే, చక్రంతో పాటు తిరగని లోహపు భాగం) మీద కూర్చోబెట్టి, గేజ్ మొనని డిస్క్ అంచుకి ఓ 10 మి.మీ. లోపల నిటారుగా ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాలి. ఆ రోజు ముల్లు సున్నా దగ్గర మొదలై నింపాదిగా 12 గీతల దాకా ఎక్కి, అంతే నింపాదిగా దిగింది. అంటే 0.12 మి.మీ. రనౌట్ (డిస్క్ తిరిగేటప్పుడు పక్కలకి ఊగే కొలత). చాలా కార్లకు మాన్యువల్ ఒప్పుకునేది 0.05 నుంచి 0.10 లోపే. బేరింగ్ లూజున్నా ముల్లు ఇలాగే ఊగుతుంది కాబట్టి ముందుగా దాన్ని కూడా కదిపి చూశాను, గట్టిగానే ఉంది.

డిస్క్ ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. హబ్ ముఖం మీద, స్టడ్ల (వీల్ నట్లు ఎక్కే బోల్టుల) మొదళ్ల చుట్టూ, తుప్పు పెచ్చు కట్టి ఉంది. కొత్త డిస్క్‌ని ఆ పెచ్చు మీదే బిగించేశారు. హబ్ దగ్గర వెంట్రుక మందం ఎత్తు వచ్చినా, డిస్క్ అంచు అంతకంటే దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ అది దాదాపు రెట్టింపై కనిపిస్తుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, స్టడ్ల చుట్టూ ఎమరీ పేపర్ పట్టి, మళ్లీ బిగించి తిప్పితే 6 గీతలు. డిస్క్‌ని ఒక్క స్టడ్ పక్కకి జరిపి పెడితే 4కి దిగింది. ఈ జరిపే పనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

కొత్త డిస్కులు మొదట్లో ఎందుకు బాగున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. డిస్క్ కాస్త అటూ ఇటూ ఊగితే కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) తన పిన్నుల మీద దాని వెంటే జరుగుతుంది, పెడల్‌కి ఏమీ తెలియదు. కానీ బ్రేక్ వేయనప్పుడు కూడా చుట్టుకోసారి డిస్క్ అదే చోట ప్యాడ్‌కి రాసుకుంటూ ఉంటుంది. వేల కిలోమీటర్ల మీద ఆ చోటు పలచబడుతుంది. పలుచన చోటు, మందం చోటు మారి మారి ప్యాడ్ల మధ్యకి వస్తుంటే పిస్టన్ ముందుకీ వెనక్కీ కదిలి, ఆ కదలిక ఆయిల్ గుండా కాలికి చేరుతుంది. 0.02 మి.మీ. తేడా కూడా చాలా కార్లలో తెలిసిపోతుంది. పెడల్ తన్నే నాటికే రోగం ముదిరి ఉంటుందన్నమాట.

ఈ గేజ్ కొనేవాళ్లకి ముందే చెప్పాల్సింది ఇక్కడే ఉంది: మందం తేడాని ఇది పట్టలేదు. దానికి మైక్రోమీటర్ కావాలి. అంచుకి ఒకే దూరంలో, చుట్టూ 8 చోట్ల కొలవాలి. వెర్నియర్‌తో కుదరదు, డిస్క్ అంచున అరగని గట్టు ఉంటుంది, దవడలు దాని మీదే ఆగిపోతాయి. మందం తేడా అప్పటికే పడిపోయింది కాబట్టి నా డిస్కుల్ని లేత్ పట్టించి సమం చేయించక తప్పలేదు. వాటి మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే ఇంకా పైనే ఉండడంతో కొత్తవి కొనే పని తప్పింది. బిగించాక గేజ్‌తో మరోసారి చూశాను, నట్లని ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి చూపే రెంచ్) బిగించాను. ఇంపాక్ట్ గన్‌తో ఒక్కో నట్‌ని ఒక్కోలా లాగితే శుభ్రమైన హబ్ మీద కూడా డిస్క్ వంకర తిరుగుతుంది. అప్పటినుంచి పెడల్ మాట్లాడలేదు.

పరికరం సంగతికొస్తే, గేజ్ ఇప్పటికీ సున్నాకి నమ్మకంగా తిరిగొస్తుంది. బ్రేక్ ధూళికి మొన ఉన్న సన్నటి కడ్డీ ఒకసారి బిగుసుకుంది; పొడి గుడ్డతో తుడిస్తే సరిపోయింది. నూనె మాత్రం వేయకండి, ధూళి ఇంకా పట్టేస్తుంది. స్టాండ్‌కి అన్ని మార్కులు వేయలేను. సన్నటి సర్దుబాటు మర తొందరగా లూజైంది, ముల్లు కదిలిందా చేయి కదిలిందా అని రెండోసారి తిప్పి చూడాల్సి వస్తోంది. అల్యూమినియం నకిల్ ఉన్న కారులో అయస్కాంతం అసలు అంటుకోదు. అక్కడ స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) గొట్టానికో, కాలిపర్ బోల్టు రంధ్రానికి బిగించిన ఇనుప పట్టీకో పెట్టుకోవాలి. పాములా వంగే చేయి ఉన్న స్టాండు చూడడానికి బాగుంటుంది గానీ, పట్టు నిలవదు. కీళ్ల చేయి ఉన్నదే తీసుకోండి.