నీళ్లకు 4, ఫిర్యాదులకు 2: మా నగర సేవలకు నా మార్కులు

ఆరేళ్లుగా ఈ చిన్న నగరంలో ఉంటున్నాను. అందులో మూడేళ్లు మా అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారిగా చేశాను. నీళ్ల బిల్లు, చెత్త రుసుము నా చేతుల మీదుగానే కట్టాం. డబ్బు కట్టిన చోట ఏం అందిందో చూసుకోవడం నాకు అలవాటు. అందుకే ఈ రివ్యూ.

నీళ్ల సంగతి ముందు చెప్తాను. 5కి 4 ఇస్తున్నాను. చెప్పిన టైముకి వస్తాయి. క్లోరిన్ ఉందో లేదో చూసే చుక్కల కిట్ ఒకటి కొని, నెలకోసారి చివరి కుళాయి దగ్గర పరీక్ష చేస్తుంటాను. నీళ్లు పైపుల్లో ఎంత దూరం వచ్చినా, ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఈ మూడేళ్లలో ఒక్క నెల కూడా అంతకంటే తగ్గలేదు. ఎక్కడో ఫిల్టర్ల దగ్గర రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు పని సరిగ్గా చేస్తేనే ఇది జరుగుతుంది. వాళ్లకు నా నమస్కారం.

బిల్లు కూడా బాగుంది. స్థిర చార్జీ విడిగా, వాడకం చార్జీ విడిగా చూపిస్తారు. "నెలంతా ఊళ్లో లేం, అయినా బిల్లు ఎందుకొచ్చింది?" అని మా పై ఫ్లాటువాళ్లు నన్ను నిలదీశారు. మనం కుళాయి తిప్పినా తిప్పకపోయినా పైపులు ఉండాలి, సిబ్బందికి జీతాలివ్వాలి, లైన్లో ప్రెషర్ తగ్గకూడదు. స్థిర చార్జీ వాటికే. వాడకం మీద పడేది ముఖ్యంగా పంపుల కరెంటు, నీళ్లలో కలిపే మందుల ఖర్చు. ఇలా కాగితం మీద గీసి చూపిస్తే వాళ్లకీ అర్థమైంది.

నిరుడు ఒక నెల మా బిల్లు ఒక్కసారిగా పెరిగింది. నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి 1 గంటకి ట్యాంకు వాల్వు కట్టేసి, టార్చి పట్టుకుని మీటరు దగ్గర కూర్చున్నాను. అద్దం కింద ఉండే చిన్న నక్షత్రం లాంటి చక్రం ఆగలేదు. పది నిమిషాల్లో 10 లీటర్లు. అంటే రోజుకి 1,440 లీటర్లు, అలాగే వదిలేస్తే ఏడాదికి 5 లక్షల 25 వేల లీటర్లు పైనే. మర్నాడు రీడింగ్ తీయడానికి వచ్చినావిడ చూసి, "మీటరు దాటాక ఉన్న పైపు మీదేనండీ, దాని ముందున్నది మాది" అని చెప్పి, ఎక్కడ తవ్వించాలో కూడా చూపించింది. రెండు రోజుల్లో బాగుచేయించుకున్నాం.

ఆ తర్వాత రెండు నెలలకి మీటరుకి ముందు, రోడ్డు కింద, ఇంకో లీకు. ఇది వాళ్లది. ఫిర్యాదు ఇచ్చాను. మూడో రోజు "మీ సమస్య పరిష్కరించాం" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కిందికి వెళ్లి చూస్తే రోడ్డు మీద నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఫోటో తీసి మళ్లీ ఫిర్యాదు పెట్టాను. మొత్తం 11 రోజులు పట్టింది. ఆలస్యం కంటే ఆ మెసేజే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పని కాకుండానే ఫిర్యాదు మూసేస్తే, పైవాళ్లకి వెళ్లే లెక్కల్లో ఆ లీకు లేనట్టే కదా! ఫిర్యాదుల విభాగానికి 2 మార్కులు. అవీ రెండోసారి వచ్చిన మనుషులు పద్ధతిగా చేసినందుకు.

మా లీకు మా బిల్లులో కనబడింది కాబట్టి రెండు రోజుల్లో కదిలాం. రోడ్డు కింద పోయిన నీళ్లకు బిల్లే ఉండదు. పంపు కరెంటు, క్లోరిన్, జీతాలు అన్నీ ఆ నీళ్ల మీద అప్పటికే ఖర్చయిపోయాయి. ఆ భారం బిల్లు కట్టేవాళ్లందరి మీదా పడుతుంది. కాంబోడియా రాజధాని ఫ్నోం పెన్‌లో 1993లో సరఫరా అయ్యే నీళ్లలో దాదాపు 72 శాతం ఇలా లెక్కకు అందకుండా పోయేవి. ఏక్ సోన్ చాన్ అనే ఇంజనీరు అక్కడి నీటి సరఫరా సంస్థ బాధ్యత తీసుకుని, ప్రతి కనెక్షన్‌కీ మీటరు పెట్టించి, లీకులు వెతికే బృందాలు వేసి, పెద్దవాళ్ల ఇళ్ల నుంచి కూడా బిల్లు వసూలు చేయించారు. పదిహేను, పదిహేడేళ్లలో ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది. 2006లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. మాది అంతకంటే చాలా చిన్న నగరం. ఇక్కడ అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

వీధి దీపాలు బాగున్నాయి. స్తంభం మీద నంబరు చెప్తే రెండు రోజుల్లో బల్బు మారుస్తున్నారు. ఈ వెలుతురు ఎవరు ఎంత వాడారో కొలవలేం కాబట్టి దీని ఖర్చు ఇంటిపన్నులోంచే రావాలి.

చెత్తకు 3. బండి రోజూ వస్తుంది, కానీ తడి, పొడి విడిగా ఇచ్చినా రెండూ ఒకే అరలో పోసేస్తున్నారు. ఎంత చెత్త వేస్తే అంత రుసుము పెట్టాలని మా సంఘంలో కొందరి వాదన. దక్షిణ కొరియాలో 1995 నుంచి దేశమంతా రుసుము కట్టి కొన్న సంచుల్లోనే చెత్త వేయాలి. పద్ధతి మంచిదే. కాకపోతే రుసుము తప్పించుకోవడానికి ఖాళీ స్థలాల్లో పడేసేవాళ్లని పట్టుకునే ఏర్పాటు ముందే ఉండాలి.

ఈసారి బడ్జెట్ పుస్తకం తెచ్చుకుని రెండు ఆదివారాలు చదివాను. కొత్త నీళ్ల ట్యాంకుకి పైప్రభుత్వం నుంచి గ్రాంటు వచ్చింది, సంతోషం. కానీ ఆ గ్రాంటు కట్టడం వరకే. ఆ తర్వాత పంపు కరెంటు, మనుషుల జీతాలు, రంగులు, రిపేర్లు ప్రతి ఏడాదీ నగరం సొంత ఆదాయంలోంచే పెట్టుకోవాలి. ఆ పెరిగే ఖర్చుకి ఎదురుగా ఏ ఆదాయమూ చూపించలేదు. పాత పైపులు మార్చడానికి పక్కన పెట్టిన నిధి కూడా ఎంత వెతికినా కనబడలేదు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పాడయ్యే రోజు కోసం నెలనెలా కార్పస్ ఫండ్‌లో వేసుకుంటాం. ఇన్ని వేల ఇళ్లకి నీళ్లిచ్చే పైపులకి అది లేకపోవడం నాకు భయంగా ఉంది. ఆ నిధికి విడిగా జమ చేస్తామని రాసిస్తే, నీళ్ల చార్జీ కొంచెం పెంచినా మా సంఘాన్ని ఒప్పించే పూచీ నాది. ఈ మాటే బడ్జెట్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు రాసి ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు. వస్తే మార్కులు సవరించి రాస్తాను.

కొత్తగా ఇక్కడికి వచ్చేవాళ్లు ఇల్లు చేరిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు కూడా, పని అయిందని మీ కళ్లతో చూసేదాకా దాచుకోండి.