వైండింగ్ షాపులో పది టన్నుల ప్రెస్: బేరింగు సరిగ్గా కూర్చోకపోతే ఎక్కడ చూడాలి

ఈ హెచ్ ఫ్రేమ్ హైడ్రాలిక్ ప్రెస్ (హెచ్ ఆకారపు చట్రంలో జాకీతో నొక్కే యంత్రం) కొనేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని టన్నులు?" అని. కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టి బాగుచేసే వైండింగ్ షాపు పనికి అది ఆఖరున అడగాల్సిన మాట. హన్మకొండ, నర్సంపేట, పరకాల వైపు వ్యవసాయ మోనోబ్లాకుల్లో (మోటారు, పంపు ఒకే షాఫ్టు మీద ఉండేవి) ఎక్కువగా తగిలేవి 6205, 6206, 6305 బేరింగులే. 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. కొలత సరిగ్గా ఉన్న షాఫ్టు మీదికి అది ఎక్కడానికి మామూలుగా టన్ను బలం కూడా పట్టదు. మిగతా బలమంతా తుప్పు పట్టిన పాతదాన్ని ఊడదీసేటప్పుడే అక్కరకొస్తుంది. కొత్త బేరింగు ఎక్కిస్తుంటే హ్యాండిల్ బిగుసుకుపోయిందా, ఇంకో పంపు కొట్టొద్దు. ఆపి చూడాలి.

ముందు చూడాల్సింది వంకర. ఈ రకం ప్రెస్‌లో జాకీ కింది పలక మీద నిలబడి పై దూలాన్ని తన్నుతుంది, పలక కిందికి దిగుతుంది, స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతాయి. రెండు స్ప్రింగుల్లో ఒకటి సాగిందంటే పలక ఒక పక్కకు ఒరుగుతుంది. మార్చేటప్పుడు జతగానే మార్చాలి. ఇక బెడ్ (పని పెట్టే అడ్డ దూలం) సంగతి: దాన్ని నిలిపే పిన్నులకూ రంధ్రాలకూ మధ్య వదులు ఉంటుంది కాబట్టి ఎత్తు మార్చిన ప్రతిసారీ ట్రై స్క్వేర్ పెట్టి చూసుకోవాలి. పని కింద ఆనించడానికి ప్రెస్‌తో వచ్చే రెండు పోత ఇనుము దిమ్మెలను వెర్నియర్‌తో కొలిచి చూడండి, మందంలో అర మిల్లీమీటరు తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ అర మిల్లీమీటరే బేరింగును అడ్డంగా పట్టేస్తుంది. రెండింటినీ కలిపి సర్ఫేస్ గ్రైండింగ్ చేయిస్తే సగం గొడవ తీరుతుంది. పోత ఇనుము లోడు మీద పగిలితే ముక్క ఎగిరొస్తుంది. ఎదురుగా నిలబడొద్దు, కళ్లద్దాలు తీయొద్దు.

రెండోది ఏ రింగు మీద నొక్కుతున్నామన్నది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద, మోటారు పక్క కవర్లోకి దింపేటప్పుడు బయటి రింగు మీద. తప్పు రింగు మీద నొక్కితే బలమంతా బాల్స్ గుండా పోయి అవి తిరిగే ట్రాకులో సన్నటి గుంటలు పడతాయి. చేత్తో తిప్పితే అప్పటికి తెలియకపోవచ్చు, మోటారు తిరిగేటప్పుడు గరగరమంటుంది. సైజుకో పైపు ముక్కను లేత్ మీద రెండు ముఖాలూ చదునుగా తిప్పించి, పైన నంబరు కొట్టి పెట్టుకోవాలి. హాక్సాతో కోసిన ముక్కతో పని చేస్తే మళ్లీ వంకరే.

బేరింగు అసలు మొదలే పట్టకపోతే బేరింగు ఎక్కే చోటు మొదటి అంచునూ కీవే (తాళపు చీల కూర్చునే గాడి) పక్కల లేచిన మొననూ ఆకురాయితో తీసేయాలి. సగం దాకా వచ్చి బిగుసుకుంటే మైక్రోమీటరు పెట్టాలి. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు కే6 ఫిట్ (బిగువుకు పెట్టిన కొలత హద్దు) అంటే 25 కన్నా 2 నుంచి 15 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఎక్కువ ఉండాలి, అంతే. చివరిదాకా వచ్చినట్టే ఉండి మెట్టుకు (షాఫ్టు లావెక్కి బేరింగు ఆగే చోటు) ఆనకపోతే కారణం చాలాసార్లు మెట్టు మూలలోని గుండ్రదనం. అది బేరింగు అంచు గుండ్రదనం కన్నా పెద్దదైతే ఎంత నొక్కినా ఆనదు, లేత్‌కు పంపాల్సిందే. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) రింగుకూ మెట్టుకూ మధ్య ఎక్కడా దూరకూడదు. చుట్టూ నాలుగు చోట్ల చూడాలి, ఒక్కచోట దూరినా అది వంకరే.

యాసంగిలో కాలిన మోటార్లు వరుస కట్టినప్పుడు ఇవన్నీ చూసే తీరికెక్కడిది అంటారు. షాఫ్టు అరిగి బేరింగు చేత్తోనే జారిపోతుంటే సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి పంపేది అందుకే. ఆ చుక్కల మొనలు మాత్రమే రింగును పట్టుకుంటాయి. కొన్నాళ్లకు అవి అణిగిపోయి రింగు షాఫ్టు మీదే తిరగడం మొదలవుతుంది. కాస్త అరుగుదలైతే లాక్‌టైట్ 641 లాంటి రిటైనర్ (రింగును పట్టి ఉంచే జిగురు) చాలు, ఎక్కువైతే వెల్డింగ్ నింపి తిప్పించడమే.

6306, ఆపై సైజులకు ప్రెస్ కన్నా బేరింగును వేడి చేసి ఎక్కించడం మేలు. 80 నుంచి 100 డిగ్రీలు చాలు, 120 దాటనివ్వొద్దు, గ్యాస్ మంట అసలే వద్దు. గ్రీజు నింపి మూసి వచ్చే జెడ్‌జెడ్, 2ఆర్‌ఎస్ రకాలను వేడి నూనెలో ముంచొద్దు, లోపలి గ్రీజు కారిపోతుంది. వాటికి ఇండక్షన్ హీటరే సరి.

మెకానికల్ సీల్ (పంపు షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా ఆపేది) సిరామిక్ ముక్కకు జాకీ వాడటం దండగ. రబ్బరుకు సబ్బు నీళ్లు రాసి, నునుపు ముఖం మీద శుభ్రమైన నైలాన్ బిళ్ల పెట్టి చేత్తో నొక్కితే దిగుతుంది. నీళ్లు నింపే సబ్‌మర్సిబుళ్లలో బుష్‌లకు (షాఫ్టు తిరిగే లోహపు గొట్టాలకు) మాత్రం ఈ ప్రెస్ బాగుంటుంది. గన్‌మెటల్ బుష్ దింపాక లోపలి వ్యాసం కొంచెం తగ్గుతుంది, రీమర్ వేయకుండా షాఫ్టు దూర్చొద్దు.

జాకీ మీద పెద్ద ఫిర్యాదు లేదు. హ్యాండిల్ మెత్తగా తగిలి పలక కుదుపులతో దిగితే లోపల గాలి చేరినట్టు. రిలీజ్ వాల్వ్ తెరిచి పది పదిహేనుసార్లు పంపు కొట్టి, రామ్ (జాకీ కడ్డీ) పూర్తిగా దిగాక ఫిల్లర్ రంధ్రం దాకా 32 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ నింపాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బుతాయి. వాల్వును పైపు తగిలించి బిగిస్తే బాల్ కూర్చునే చోటు దెబ్బతిని లోడు నిలవదు, చేతి బిగువు చాలు. కొత్తగా కొనేవాళ్లు ఇంకొంత పెట్టి ప్రెషర్ గేజి ఉన్నదే తీసుకోండి, ముల్లు ఎప్పుడు ఎగిరిందో చూసి అక్కడే ఆపొచ్చు.