నాలుగో నంబరు ఐరన్ బదులు 22 డిగ్రీల హైబ్రిడ్: నెల్లూరు ఎండలో, ఉప్పుగాలిలో కొన్నేళ్లు వాడాక

ఈ సమీక్ష గోల్ఫ్‌లో వాడే 22 డిగ్రీల హైబ్రిడ్ గురించి. అంటే సన్నని ఇనప తల ఉన్న ఐరన్‌కీ, దూరం కొట్టే పెద్ద తల వుడ్‌కీ నడుమరకం క్లబ్ (బంతిని కొట్టే కర్ర). లాఫ్ట్ (ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, వెనక్కి వాలిన కోణం; 22 డిగ్రీలంటే అదే) మార్చుకునే మరలేవీ లేని మామూలు తల, 40 అంగుళాల పొడవు, 75 గ్రాముల గ్రాఫైట్ షాఫ్ట్ (క్లబ్ కాడ), రెగ్యులర్ ఫ్లెక్స్ (మధ్యరకంగా వంగేది). సాధనంతా నెల్లూరులోనే, మిద్దె మీద కట్టిన వలలోకి, సముద్రం వైపు సరుగుడు తోటల ఇసక నేల మీద. ఆడింది మాత్రం 175 కిలోమీటర్ల అవతల చెన్నైలో, గిండీ రేస్‌కోర్సు లోపలి జింఖానా మైదానంలో, నందనం దగ్గరి కాస్మోపాలిటన్ క్లబ్ మైదానంలో. ముందుగా తీర్పు చెప్పేస్తాను. వారానికి ఒకటి రెండు సార్లు ఆడేవాళ్లు మూడు, నాలుగు నంబర్ల ఐరన్లను సంచిలోంచి తీసేయవచ్చు. వాటి పని హైబ్రిడ్ ఇంకా బాగా చేస్తుంది. కానీ సోల్ (తల అడుగు) మీద రాసిన నంబరు చూసి కొంటే డబ్బు దండగే.

ఎందుకంటే ఆ నంబరుకి అన్ని కంపెనీల్లో ఒకే అర్థం లేదు. మూడో నంబరు హైబ్రిడ్ 18 నుంచి 20 డిగ్రీల మధ్య, నాలుగోది 21 నుంచి 23 మధ్య, అయిదోది 24 నుంచి 26 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐరన్లలో గందరగోళం ఇంకా ఎక్కువ. పాత సెట్లలో ఏడో నంబరు ఐరన్ 34 డిగ్రీలుండేది. ఇప్పుడు దూరం కోసం చేసే సెట్లలో అది 30కి, కొన్నిట్లో 28కి కూడా దిగింది. అలాంటి సెట్లో అయిదో ఐరన్ 22, 23 డిగ్రీలే ఉంటుంది. దాని పక్కన 22 డిగ్రీల హైబ్రిడ్ పెట్టుకుంటే, బంతి కాస్త ఎత్తుగా, కొన్ని గజాలు దూరంగా పడుతుందే తప్ప రెండింటికీ పెద్ద తేడా ఉండదు. అందుకని దుకాణానికి వెళ్లే ముందు రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి. మీరు నమ్మకంగా కొట్టగలిగే అతి పొడవైన (అతి తక్కువ నంబరు) ఐరన్ లాఫ్ట్ ఎంత, అది గాలిలో ఎన్ని గజాలు పోతుంది. ఆ లాఫ్ట్‌లోంచి 3 లేదా 4 డిగ్రీలు తీసేస్తే మీకు కావలసిన హైబ్రిడ్ వస్తుంది. దూరంలో 10 నుంచి 15 గజాల తేడా కనిపించాలి. అంతకు తక్కువైతే ఒక స్థానం వృథా. నిబంధనల ప్రకారం సంచిలో పట్టేవి 14 క్లబ్బులే కదా. ఏడో ఐరన్‌తో గాలిలో 140 గజాలు కొట్టేవాళ్లకి 22 డిగ్రీల హైబ్రిడ్ 170 గజాల దాకా ఇస్తుంది. ఇక్కడ లెక్క గాలిలో పోయిన దూరానిదే. మే నెల గట్టి నేల మీద దొర్లిన గజాల్ని నమ్ముకుంటే నవంబరులో బంతి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) దాకా చేరదు.

పొడవాటి ఐరన్‌లో బరువంతా ఫేస్ వెనకే పలచగా ఉంటుంది. హైబ్రిడ్‌లో ఆ బరువు కిందికీ వెనక్కీ జరిగింది. అందుకే అదే వేగానికి బంతి ఇంకా ఎత్తు లేస్తుంది, గ్రీన్ మీద నిటారుగా దిగి తొందరగా ఆగుతుంది. నడిమికి అరంగుళం పక్కన తగిలినా తల అంతగా తిరగదు. 2009 పీజీఏ చాంపియన్‌షిప్ ఆఖరి రంధ్రంలో దక్షిణ కొరియా ఆటగాడు వై. ఇ. యాంగ్ 200 గజాలు దాటిన దూరం నుంచి జెండా పక్కకి బంతిని చేర్చి టైగర్ వుడ్స్‌ను ఓడించింది హైబ్రిడ్‌తోనే. ఆసియా నుంచి మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద పోటీల్లో ఒకటి) గెలిచిన మొదటి పురుషుడు ఆయనే.

లాఫ్ట్ తరవాత చూడవలసింది షాఫ్ట్ బరువు. దీన్ని చాలామంది పట్టించుకోరు, అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఐరన్ల ఉక్కు షాఫ్టులు 95 నుంచి 120 గ్రాములు, ఫెయిర్‌వే వుడ్ షాఫ్టులు 55 నుంచి 65 గ్రాములు ఉంటాయి. హైబ్రిడ్‌ది వీటికి నడుమ, 70 నుంచి 90 గ్రాముల్లో ఉండాలి. ఉక్కు ఐరన్లకి అలవాటైన చేతికి 55 గ్రాముల షాఫ్ట్ ఇస్తే చేతులు ముందే తిరిగిపోతాయి, బంతి ఎడమకి మెలికపడుతుంది. అప్పుడు తప్పు తలదనుకుని తల మార్చేస్తుంటారు. మార్చవలసింది షాఫ్ట్.

పొడవు ఎక్కువనిపిస్తే ముందు కోయించకండి. కొన్నాళ్లు గ్రిప్ మీద అరంగుళం కిందికి పట్టుకుని ఆడి చూడండి. నచ్చితేనే గ్రిప్ వైపు నుంచి అరంగుళం కోయించాలి. కోశాక తల తేలికైనట్టు చేతికి తెలుస్తుంది, స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు చేతికి తెలిసే తల బరువు కొలత) మూడు పాయింట్లు పడిపోతుంది. సోల్ మీద 6 గ్రాముల సీసం పట్టీ అంటిస్తే మళ్లీ పాత బరువొస్తుంది. లై కోణం (సోల్ నేలకి ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం) కూడా కొనేటప్పుడే సరిచూసుకోవాలి, హైబ్రిడ్ మెడను (తలా షాఫ్టూ కలిసే చోటు) తరవాత వంచడం కష్టం. పరీక్ష తేలికే. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద పడ్డ గీత నిటారుగా ఉంటే సరిపోయినట్టు. గీత పైకొస టో (తల అవతలి కొస) వైపు వాలితే క్లబ్ మీకు మరీ నిటారుగా ఉందని, బంతి ఎడమకి పోతుందని లెక్క. మడమ (తలకి షాఫ్ట్ ఉన్న కొస) వైపు వాలితే దానికి తిరగేసి.

ఇక కొట్టే తీరు. చూడ్డానికి చిన్న వుడ్‌లా ఉంటుంది కాబట్టి జనం దీన్ని వుడ్‌లా ఊడ్చబోతారు, లేదా బంతిని కింద నుంచి ఎగరేయబోతారు. రెండూ పనికిరావు. దీన్ని ఐరన్‌లాగే కొంచెం కిందికి కొట్టాలి. లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్లకి బంతి నిలుచున్న నడిమికి ఒక బంతి వెడల్పు ఎడమగా ఉంటే చాలు. ఎడమ కాలి మడమ దగ్గర పెడితే అది డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే వుడ్) స్థానం, హైబ్రిడ్ అప్పటికే పైకి లేస్తూ బంతి నెత్తిన తగులుతుంది. చేతులు బంతికి కొద్దిగా ముందుండాలి. కొట్టాక బంతి ఉన్న చోటికి ముందు గరిక పలచగా గీసుకుపోవాలి, లోతుగా పెళ్ల లేవకూడదు. టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మీద పెట్టేటప్పుడు గడ్డికి పావు అంగుళం పైన ఉంటే చాలు.

రబ్బరు మ్యాట్ మీద మాత్రమే సాధన చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. హైబ్రిడ్ సోల్ వెడల్పు. బంతికి రెండంగుళాల వెనక నేలకి తగిలినా మ్యాట్ మీద జారి బంతిని కొట్టేస్తుంది, దెబ్బ బాగానే పడ్డట్టుంటుంది. మైదానంలో అదే దెబ్బకి బంతి 60 గజాలు కూడా పోదు. మన తీరంలో దీనికి మంచి మందుంది, అది ఇసక. తడిసి గట్టిపడ్డ ఇసకలో అడ్డంగా ఒక గీత గీసి, బంతి లేకుండానే ఊపండి. క్లబ్ ఇసకని తాకిన చోటు గీతకి ముందు వైపు మొదలవ్వాలి. వెనక మొదలైతే మ్యాట్ దాచిన తప్పు బయటపడినట్టే. ఇసక సోల్ రంగునీ ఫేస్ గీతల్నీ అరగదీస్తుంది కాబట్టి దీనికి పాత క్లబ్ వాడండి. మైపాడులోనో కొత్తపట్నంలోనో బీచ్‌లో బంతులు కొట్టడం మాత్రం వద్దు. అక్కడ వలలు లాగేవాళ్లుంటారు, పిల్లలుంటారు. నీళ్లలో పడ్డ బంతి చెత్తగా మిగిలిపోతుంది.

హైబ్రిడ్ మీద అందరూ చెప్పే ఫిర్యాదు బంతి ఎడమకి తిరగడం. తేలిక షాఫ్ట్, నిటారు లై కాక దీనికి మూడో కారణం ఫేస్ అమరిక. కొన్ని తలల్లో ఫేస్ తయారీలోనే ఒక డిగ్రీ మూసుకుని ఉంటుంది, బంతి కుడికి పోయేవాళ్లకి సాయంగా అలా చేస్తారు. ఇప్పటికే ఎడమకి కొట్టేవాళ్లు అలాంటిది తీసుకుంటే బాధ రెట్టింపవుతుంది. లాఫ్ట్ మార్చుకునే రకాల్లో మర తిప్పి లాఫ్ట్ పెంచితే ఫేస్ మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. ఎత్తు కోసం లాఫ్ట్ పెంచి, బంతి ఎడమకి పోతోందేమిటని తలపట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చెన్నై మైదానాల పక్కల పెరిగేది ఎక్కువగా గరికే. బంతి సగమైనా గడ్డి పైన కనిపిస్తుంటే హైబ్రిడ్ తీయండి, ఐరన్ కంటే తేలిగ్గా గడ్డిని చీల్చుకుపోతుంది. బంతి నెత్తి మాత్రమే కనిపిస్తుంటే ఆశపడొద్దు, వెడ్జ్‌తో (ఎక్కువ లాఫ్ట్ ఉన్న పొట్టి క్లబ్) బయటికి తీసుకోండి. గరిక ఎదురు మొగ్గి ఉంటే క్లబ్ మెడని పట్టేసి ఫేస్‌ను మూసేస్తుంది. అప్పుడు ఫేస్ కొద్దిగా తెరిచి, ఎడమ చెయ్యి బిగించి పట్టాలి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తడి గరిక బంతికీ ఫేస్‌కీ మధ్య చేరి స్పిన్ తగ్గిస్తుంది. బంతి పడ్డాక ఆగదు. మే నెలలో నేల బండలా ఉన్నప్పుడు వెడల్పు సోల్ ఎగిరి కొడుతుంది, బంతిని నడిమికి జరిపి గ్రిప్ అంగుళం కిందికి పట్టుకోవాలి.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఎదురుగాలికి కొట్టడంలోనే ఈ క్లబ్ బలహీనత కనిపిస్తుంది. బంతి ఎత్తుగా లేచి అక్కడే నిలబడిపోతుంది. గట్టిగా కొట్టేకొద్దీ స్పిన్ పెరిగి ఇంకా లేస్తుంది. తక్కువ లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్ తీసుకుని, బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి, ముప్పాతిక ఊపుతో నెమ్మదిగా కొట్టడమే దారి. ఈ ఒక్క సందర్భంలో పాత రెండో నంబరు ఐరనే మేలు.

గ్రీన్ అంచున దీనికి ఇంకో ఉపయోగముంది. పటర్‌లా (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) పట్టి, పటర్‌లా తోస్తే బంతి గడ్డి మీంచి చిన్నగా ఎగిరి, తరవాత దొర్లుతుంది. 2004 బ్రిటిష్ ఓపెన్‌లో, రాయల్ ట్రూన్‌లో, టాడ్ హామిల్టన్ ప్లేఆఫ్ ఆఖరి రంధ్రంలో ఇలాగే కొట్టి ఎర్నీ ఎల్స్ మీద గెలిచాడు. వెడ్జ్‌తో తడబడేవాళ్లు ముందు ఇది నేర్చుకుంటే మంచిది.

మిద్దె మీద వల కట్టుకునేవాళ్లకి: రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల మన దగ్గర చవగ్గా దొరుకుతుంది, కానీ దాని దారం సన్నం, హైబ్రిడ్ దెబ్బకి చిరిగిపోతుంది. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, వల కన్ను 25 మిల్లీమీటర్లకి మించకూడదు. లావు నైలాన్ దారం ఉండాలి. బంతికీ వలకీ మూడు మీటర్ల ఎడం ఉంచి, వలని వదులుగా వేలాడదీసి కింద మడత వదలండి. బిగదీసి కడితే బంతి ముఖం మీదికే వస్తుంది. వెనక అర మీటరు దూరంలో పాత దుప్పటి, రెండు పక్కలా కూడా వల తప్పనిసరి. క్లబ్ మెడకి తగిలిన బంతి సూటిగా కుడికి, పక్కింటి మిద్దె మీదికి పోతుంది. ఇనప పైపులకి స్పాంజి తొడగండి. ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది, బంతులు పడే చోటుని తరచుగా వేలితో లాగి చూస్తుండాలి.

ఎండా ఉప్పూ చేసే నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. క్లబ్బుల్ని కారు డిక్కీలో వదిలేయకూడదు. మన వేసవిలో ఆ వేడికి తలనీ షాఫ్ట్‌నీ కలిపే ఎపాక్సీ జిగురు పట్టు సడలుతుంది. మొదటి గుర్తు మెడ దగ్గర ఉండే ఫెరూల్ అనే నల్ల ప్లాస్టిక్ కట్టు పైకి జరగడం. దాని కింద గోరు పట్టేంత సందు కనిపిస్తే, ఆడటం ఆపి తలని మళ్లీ అంటించాలి. ఉప్పుగాలిలో ఆడిన రోజు ఫేస్‌నీ మెడనీ మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాకే తొడుగు వెయ్యండి. తడి తొడుగు లోపల ఉక్కు ఫేస్ రాత్రికి రాత్రే మచ్చలు పడుతుంది.

గ్రిప్ చెమటకి, చేతికి రాసుకున్న క్రీముకి గట్టిపడి మెరుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడిగితే పట్టు తిరిగొస్తుంది. అప్పటికీ జారుతుంటే మార్చడమే. పాతది కోసి తీసి, రెండువైపులా అంటుకునే టేప్ చుట్టి, టేప్ మీదా కొత్త గ్రిప్ లోపలా టర్పెంటైన్ పోసి, ఒకే ఊపులో పూర్తిగా తోసెయ్యాలి. మధ్యలో ఆగితే అక్కడే ఇరుక్కుంటుంది. గ్రిప్ మీది గుర్తు ఫేస్‌కి తిన్నగా సరిచూసి, ఒక రాత్రి ఆరనివ్వాలి.

పేరున్న కంపెనీల కొత్త మోడళ్లు 20,000 రూపాయలు దాటాయి కాబట్టి వాడినది కొనడం తెలివైన పనే. కొనేముందు ఫెరూల్ చూడండి. తలని చెవి దగ్గర ఊపితే గలగలమంటే లోపల జిగురు ముక్క ఊడినట్టు, దానికంత భయం లేదు కానీ ధర తగ్గించమనొచ్చు. ఫేస్ మీద సన్నని పగులు, షాఫ్ట్ మీద సంచి అంచు రాసుకున్న తెల్ల గీత లోతుగా ఉండటం, ఈ రెండిట్లో ఏది కనిపించినా ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.