లెక్క వద్దన్నవాళ్లే లెక్క కట్టారు: ఒక ఆన్‌లైన్ కోర్సు గురించి

అంత్యకాలం గురించి యూదులు ఏమనుకుంటారన్నది ఈ కోర్సు విషయం. ఏడు పాఠాలు, ఒక్కోటి ముప్పావుగంట. నిజం చెప్పాలంటే నేను డబ్బు కట్టింది అంతం వచ్చే తేదీల కోసమే. దానియేలు గ్రంథంలోని వారాలని బట్టి అంతం ఎప్పుడో లెక్కగట్టే గీతల చార్టులు చూస్తూ పెరిగినదాన్ని. ఆ గ్రంథం ఎవరిదో వాళ్లు లెక్క ఎలా కడతారో చూద్దామని కూర్చున్నాను.

మొదటి పాఠంలోనే బోల్తా పడ్డాను. హెబ్రీ బైబిల్లో దానియేలు ప్రవక్తల భాగంలో లేడు. కీర్తనలు, సామెతలు ఉండే ‘కెతువీం’ (రచనలు) భాగంలో ఉన్నాడు. యోనా మాత్రం ప్రవక్తల్లోనే ఉన్నాడు. ఆయన చెప్పిందేమో జరగలేదాయె! నలభై రోజుల్లో నీనెవె నాశనమన్నాడు, ఊరు మారింది, ముప్పు తప్పింది. ఆ కథనే యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం నాటి మధ్యాహ్నం చదువుతారట.

మూడో పాఠం కోసమైనా ఈ కోర్సు తీసుకోవచ్చు. అంతం లెక్కగట్టేవాళ్ల ఎముకలు కుళ్లిపోవాలని యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూద్ శపిస్తుంది. చెప్పిన తేదీ దాటిపోతే, ఇక తాము ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ రానేరాడని జనం ఆశ వదిలేస్తారని భయం. అయినా ఎవరు ఆగారు? 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడ్డ యూదు పండితుడు అబ్రవనేల్, దానియేలు మీద వ్యాఖ్యానం రాసి విమోచన 1503లో అని తేల్చాడు. పన్నెండో శతాబ్దపు యూదు తత్వవేత్త మైమోనిడీస్ యెమెన్‌ యూదులకి రాసిన లేఖలో లెక్కలు కట్టొద్దని మందలిస్తూనే, ప్రవచనం ఎప్పుడు తిరిగొస్తుందో మా ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉందంటూ అదీ చెప్పేశాడు. ఇక్కడ ఆడియో ఆపి నవ్వుకున్నాను.

షబ్బతై జ్వీ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఈ యూదు గురువు 1665లో నేనే మెస్సీయనన్నాడు, మరుసటేడు ఒట్టోమన్ సుల్తాను ముందు ఇస్లాం పుచ్చుకున్నాడు. ఆ కాలపు యూదు వ్యాపారి గ్లికెల్ అనే ఆవిడ, అతన్ని నమ్మిన తన మామగారి సంగతి జ్ఞాపకాల్లో రాసుకుంది. పవిత్రభూమికి ప్రయాణమని ఆయన బట్టలు, బఠానీలు, ఎండుమాంసం పీపాల్లో సర్ది, హాంబర్గ్‌లో ఉన్న ఆమె ఇంటికి పంపాడు. బయల్దేరమన్న కబురు రాలేదు. తిండి పాడవుతుందేమోనని, పీపా తెరిచి అది తీసేయమని ఉత్తరం రాశాడు. బట్టలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆ పీపాలు నాకు రెండు రోజులు కళ్లల్లోనే మెదిలాయి.

ఏడో పాఠమే తేలిపోయింది. ఇజ్రాయెల్ దేశం కోసం చేసే ప్రార్థన దాన్ని ‘మా విమోచన మొలకెత్తే ఆరంభం’ అంటుంది. సత్మార్ హసీదులనే కరడుగట్టిన సంప్రదాయ యూదులేమో మెస్సీయ రాకముందే దేశం కట్టడమే తప్పంటారు. ఇంత పెద్ద తగువుని ఇరవై నిమిషాల్లో చుట్టేసి, మిగతా టైమంతా ధన్యవాదాలకి పెట్టారు. హెబ్రీ పేర్లు రాసిన కాగితం ఒక్కటీ ఇవ్వలేదు. ప్రతి పేరుకీ వెనక్కి తిప్పుకుని విని రాసుకోవాల్సి వచ్చింది.

ఐదుకి నాలుగు. తేదీ కోసం వచ్చేవాళ్లు మూడో పాఠం ముందు వినండి.