వారసత్వ ధ్రువపత్రం: మనమే కోర్టుకు వెళ్లాలా, వకీలుకు అప్పగించాలా?

మా నాన్నగారు పోయిన తరువాత ఆయన డిపాజిట్ల కోసం వకీలును పెట్టుకోకుండా నేనే పిటిషన్ వేసి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకున్నానని తెలిసిన నాటి నుంచి, బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరైనా కాలం చేస్తే, పెద్దకర్మ అయిన వారం పది రోజులకు నాకొక ఫోను వస్తోంది. అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పని మనమే చేసుకోగలమా, ఫీజు ఇచ్చి వకీలుకు అప్పగించడం మేలా? విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు దీన్నే ‘ప్రొబేట్’ అంటూ అడుగుతారు. ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించడం, అది వీలునామా ఉన్నప్పటి మాట. ముంబయి, చెన్నై, కోల్‌కతాలకు సంబంధించిన వీలునామాలకు అది తప్పనిసరిగా ఉండేది గాని, మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాలకు అలాంటి నిబంధన లేదు. 2025 చివరలో పార్లమెంటు ఆ నిబంధన ఉన్న 213వ సెక్షన్‌నే 1925 నాటి భారత వారసత్వ చట్టం నుంచి తొలగించింది. మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది వీలునామా లేని మరణం, నామినీ లేని ఖాతా. అందువల్ల నేను ఇక్కడ తూచి చూస్తున్నది అదే చట్టం కింద కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం గురించి మాత్రమే. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, రావలసిన బాకీల వంటి వాటికే పనికివస్తుంది. ఇంటికీ పొలానికీ పనికిరాదు.

వకీలా, మనమా అని ఆలోచించే ముందు కోర్టు గడప తొక్కవలసిన అవసరం అసలు ఉందో లేదో చూసుకోవాలి. ఖాతాకు నామినీ ఉంటే మొత్తం ఎంతైనా బ్యాంకు కోర్టు పత్రం అడగకూడదు. నామినీ లేకపోయినా, వీలునామా గాని తగాదా గాని లేనప్పుడు 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, పూచీ పత్రమూ మిగతా వారసుల నిరభ్యంతర పత్రమూ తీసుకుని చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలు ఇచ్చింది. వాటిని అమలు చేయడానికి బ్యాంకులకు 2026 మార్చి 31 వరకు గడువు పెట్టింది. నాకు ఫోను చేసినవాళ్లలో సగం మందికి ఈ ఒక్క సంగతి చెప్పడంతోనే పని తీరిపోయింది. మా నాన్నగారి డిపాజిట్లు రెండు బ్యాంకుల్లో కలిపి 42 లక్షలు, దేనికీ నామినీ లేదు. అందుకని మేము కోర్టుకు వెళ్లక తప్పలేదు.

ఖర్చు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే అయినా నిర్ణయం దాని మీద ఆధారపడదని నా అభిప్రాయం. కోర్టు ఫీజు మొత్తం విలువను బట్టి ఉంటుంది. వకీలు ఉన్నా లేకున్నా అందులో రూపాయి తేడా రాదు. పేపరు ప్రకటన ఖర్చూ అంతే. మిగిలేది వకీలు ఫీజు ఒక్కటే. వచ్చే సొమ్ములో నూటికి ఇంత అని అడిగేవారు కొందరు కనిపిస్తారు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్నీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధిస్తున్నాయి కనుక, ఆ మాట వినగానే లేచి వచ్చేయడం మంచిది. పనికి ఇంత అని మొత్తంగా చెప్పి, ఏ దశలో ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి ఇచ్చే వకీలు దగ్గర కూర్చోవచ్చు.

శ్రమ విషయంలో తేడా నిజంగా ఉంది. ఎవరి కేసు వారు నడుపుకునే హక్కు చట్టం ఇచ్చిందే గాని, కోర్టు కార్యాలయం మాట్లాడే భాష మనకు అలవాటు లేనిది. నేను వేసిన పిటిషన్ నంబరు పడకముందే రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి, నాన్నగారు చివరి రోజుల్లో సాధారణంగా నివసించిన చోటు ఏదో స్పష్టంగా రాయలేదని. ఏ కోర్టుకు అధికారం ఉందో నిర్ణయించేది ఆ నివాసమే కనుక ఆ అభ్యంతరం న్యాయమైనది. రెండవసారి, డిపాజిట్ల పట్టికలో (షెడ్యూలులో) రాసిన డిపాజిట్ నంబరుకూ రసీదు మీది నంబరుకూ పొంతన లేదని. అలవాటైన గుమస్తా ఉన్న వకీలు ఆఫీసులో ఈ రెండూ జరిగి ఉండేవి కావు. నంబరు పడిన తరువాత నోటీసులు, పేపరు ప్రకటన, అభ్యంతరాల కోసం వాయిదా, ఆపైన ప్రమాణపూర్వకంగా నా వాంగ్మూలం, అసలు కాగితాలను సాక్ష్యంగా గుర్తించడం, తీర్పు. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. పొద్దున్నే కాల్ వర్క్‌లో పేరు పిలిచినప్పుడు హాజరు చెప్పడం కోసం, ఆ తరువాత కాగితాల కోసం, నేను తొమ్మిది రోజులు ఉద్యోగానికి సెలవు పెట్టాను. రోజుకూలీతో బతికేవారికీ, దుకాణం మూస్తే ఆదాయం ఆగిపోయేవారికీ ఆ తొమ్మిది రోజులు వకీలు ఫీజుకంటే ఎక్కువే కావచ్చు. వాయిదా తేదీని ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోగలగడం వల్ల వృథా ప్రయాణాలు కొన్ని తప్పాయి.

అయితే నన్ను స్వయంగా చేసుకోమని ఒప్పించింది డబ్బూ కాదు, కాలమూ కాదు. పిటిషన్‌లో అన్నిటికంటే బరువైన భాగం వారసుల జాబితా, ఆ జాబితాను నిజాయితీగా తయారు చేయగలిగింది కుటుంబమే.

హిందువైన మగవాడు వీలునామా రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి రెండవ తరగతిలోకి వెళతాడు గాని తల్లి మొదటి తరగతిలోనే ఉంటుంది. చాలామంది మరచిపోయేది ఈ తల్లినే. కొడుకు ముందు పోయి తల్లి బతికి ఉన్న ఇళ్లలో, ఆ దుఃఖంలో ఆమెను ఓదార్చే వారు ఉంటారు, ఆమెకు సమాన వాటా ఉందని చెప్పే వారు ఉండరు. మా నాయనమ్మకు అప్పటికి 84 ఏళ్లు. రేపల్లె దగ్గర పల్లెలో బాబాయి ఇంట్లో ఉంటోంది. మాకు వచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో అమ్మ పేరు, నా పేరు, చెల్లెలి పేరు ఉన్నాయి. నాయనమ్మ కార్డు వేరే ఊళ్లో ఉండడం వల్ల ఆమె పేరు లేదు. నేను సలహా కోసం వెళ్లిన ఒక వకీలు ఆ ధ్రువపత్రం చూసి, ముగ్గురితోనే వేసేద్దాం, పెద్దావిడను కలిపితే ఆలస్యమవుతుంది అన్నారు. ఆయనకు మా నాయనమ్మ తెలియదు, చూడలేదు. ఆయన ముందున్నది ఒక కాగితం, అందులో మూడు పేర్లు. నేను ఆయనకే అప్పగించి ఉంటే మూడు పేర్లతోనే పిటిషన్ వెళ్లేది, దాని కింద సంతకం మాత్రం నాదే అయి ఉండేది.

ఆ సంతకం చిన్న విషయం కాదు. ముఖ్యమైన సంగతి దాచి తెచ్చుకున్న ధ్రువపత్రాన్ని భారత వారసత్వ చట్టం 383వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. తెలిసి తప్పు రాస్తే అది నేరం కూడా. ఆ పైన, ఈ పత్రం చూసి డబ్బు ఇచ్చిన బ్యాంకుకు చట్టం రక్షణ ఇస్తుందే గాని, వారసుల మధ్య ఎవరి హక్కు ఎంత అన్నది శాశ్వతంగా తేల్చదు. తీసుకున్నవారు మిగతావారికి జవాబుదారులుగానే ఉంటారు. నామినీ విషయంలోనూ సుప్రీంకోర్టు 1983లో బీమా పాలసీ గురించీ, 2023లో షేర్ల గురించీ చెప్పింది ఇదే: సొమ్ము చేతికి రావడం వేరు, సొంతం కావడం వేరు.

అందుకని నేను ఒక ఆదివారం ఊరికి వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుని, నాన్న డబ్బులో నాలుగోవంతు నీదని చెప్పాను. వద్దంటుందనే అనుకుంటూ వెళ్లాను, దారిలో అమ్మతో కూడా అదే మాట అన్నాను. నాయనమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “ఉందంటే తీసుకుంటానయ్యా, మందులకు ఒకరి చేతి వైపు చూడక్కర్లేదు” అంది. ఆ మాట విన్నాక జాబితాలో ఆమె పేరు ఉండాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో మళ్లీ రాలేదు.

స్వయంగా చేసుకోవడంలో ఉన్న మేలు నాకు కనిపించింది ఇక్కడే. ఈ ప్రక్రియలో ఒకరు పిటిషనర్ అయితే మిగతా వారసులు ప్రతివాదులవుతారు. అన్న పేరు మీద చెల్లెలికి, మనవడి పేరు మీద నాయనమ్మకు కోర్టు నోటీసు వెళుతుంది. ముందుగా ఎవరూ చెప్పకుండా ఆ కాగితం తలుపు తట్టిందంటే, తగాదా లేని ఇంట్లో తగాదా మొదలవుతుంది. వకీలుకు అప్పగించినవారు ‘అంతా ఆయనే చూసుకుంటాడు’ అన్న ధైర్యంతో ఈ మాట ముందుగా చెప్పడం మానేస్తారు. నేను కాగితాలు నా చేతులతో రాసుకోవడం వల్ల ప్రతి పేరు దగ్గరా ఆగవలసి వచ్చింది, ఆగిన ప్రతి చోటా ఆ మనిషి దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. నోటీసులు అందేసరికి ముగ్గురికీ విషయం తెలుసు. ముగ్గురూ అభ్యంతరం లేదని ప్రమాణపత్రాలు ఇచ్చారు.

ఇది అందరికీ వర్తిస్తుందని అనను. వారసుల్లో మైనరు ఉంటే వకీలును పెట్టుకోవడమే మేలు. పిల్లల వాటాను కోర్టు సాధారణంగా వారి పేరున డిపాజిట్‌గా ఉంచమంటుంది, దాన్ని కాపాడే ఉత్తర్వు సరిగా రాయించుకోవాలి. రెండవ వివాహం, దత్తత, ఆచూకీ లేని వారసుడు, సందేహం ఉన్న వీలునామా, ఒక్కరైనా సంతకానికి నిరాకరించడం — వీటిలో ఏది ఉన్నా స్వయంగా దిగకూడదు. చనిపోయింది స్త్రీ అయితే వారసుల క్రమం వేరుగా ఉంటుంది, ఆ ఆస్తి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి పిల్లలు లేనప్పుడు అది మళ్లీ మారుతుంది. అక్కడ కూడా తెలిసినవారి సలహా అవసరం. మరొక సంగతి: స్వయంగా హాజరయ్యే మనిషి తన తరఫున మాత్రమే మాట్లాడగలడు. పిటిషనర్‌గా అమ్మ పేరు పెట్టి, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో కొడుకు వెళ్లి వాదిస్తానంటే మామూలుగా కుదరదు. నేను పిటిషనర్‌ను కావడానికి కారణం అదే. విదేశాల్లో ఉన్నవారికి కూడా నా సలహా వకీలునే పెట్టుకోమని. వాయిదాకొకసారి విమానం ఎక్కలేరు, అక్కడ రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు రుసుము కట్టించాలన్న సంగతి మరచి ఇబ్బంది పడినవారిని చూశాను. అయితే వారసుల జాబితా మాత్రం వారు కూడా స్వయంగా రాసి, అందరికీ ఫోనులో వినిపించి, ఆ తరువాతే వకీలుకు పంపాలి.

ఈ రెండింటి మధ్య మరో దారి ఉంది. ముసాయిదా మనమే రాసుకుని, ఒక్కసారి ఫీజు ఇచ్చి వకీలుతో సరిచూయించుకోవడం. నేను మొదటే అలా చేసి ఉంటే పిటిషన్ రెండుసార్లు తిరిగి వచ్చేది కాదు, నెలన్నర కలిసి వచ్చేది. ఇప్పుడు అడిగేవారికి మొదట చెప్పేది దీన్నే. కోర్టు ఆవరణలో తిరిగే మధ్యవర్తుల దగ్గరకు, ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల దగ్గరకు వెళ్లవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫీజుకు భయపడి భర్త డిపాజిట్లను ఏళ్ల తరబడి వదిలేసిన ఆడవాళ్లు నాకు తెలుసు కనుక ఈ మాట ప్రతివారికీ చెబుతూ ఉంటాను.

ధ్రువపత్రం వచ్చిన నాలుగు నెలలకు నాన్నగారి ట్రంకు పెట్టె అడుగున మరో బ్యాంకు రసీదు ఒకటి బయటపడింది. దానికి కొత్త కేసు వేయనక్కర్లేదు. మొదటి ధ్రువపత్రంలో లేని సొమ్మును దానిలో చేర్పించుకోవడానికి భారత వారసత్వ చట్టం 376వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఈసారి ముసాయిదాను వకీలుకు చూపించి, సరిచేయించుకుని, కోర్టుకు మళ్లీ నేనే వెళ్లాను. దరఖాస్తు వేసే ముందు నాయనమ్మకు ఫోను చేసి, ఇందులోనూ నాలుగోవంతు నీదేనని చెప్పాను.