కొలనోస్కోపీకి మత్తు: నర్సు ఇచ్చే మిడజోలామా, ప్రొపోఫోలా?

అమెరికాలో 45 దాటిన మనవాళ్లకి ఈ మధ్య కొత్త టెన్షన్ ఒకటి. పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును 2021లో 50 నుంచి 45కి తగ్గించారు. నాకూ కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షకి, పిలుపొచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మత్తు డాక్టర్ ఉంటాడా?" నర్సే ఇస్తుందట అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు.

అమ్మ భయం అర్థమవుతుంది. మన ఊళ్లలో మత్తు డాక్టర్ వస్తేగానీ ఆపరేషన్ మొదలవదు. ఇక్కడ మాత్రం నర్సు మత్తివ్వడం వందేళ్లకు పైబడిన అలవాటు. దీని మీద కాలిఫోర్నియాలో డాక్టర్లే కోర్టుకెక్కారు. సర్జన్ పర్యవేక్షణలో నర్సు మత్తివ్వడం వైద్యం చేయడం కిందకి రాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1936లో తేల్చేసింది.

అయితే నర్సులందరూ ఒకటి కాదు. ఎండోస్కోపీ గదిలో ఉండే మామూలు రిజిస్టర్డ్ నర్సు, డాక్టరు చెప్పిన మోతాదులో మగత తెచ్చే మిడజోలామ్, నొప్పి తగ్గించే ఫెంటనిల్ ఇస్తుంది. దీన్ని మితమైన మత్తు అంటారు. కళ్లు మూతలు పడతాయి కానీ పిలిస్తే పలుకుతాం, ఊపిరి మనమే తీసుకుంటాం. రెండోది ప్రొపోఫోల్. పాలలా తెల్లగా ఉంటుంది, నరంలోకి వెళ్లిన నిమిషంలోపే మనిషికి ఈ లోకం తెలియదు. దాన్ని సాధారణంగా అనస్థీషియా డాక్టర్ గానీ, సీఆర్‌ఎన్‌ఏ అనే నర్స్ అనస్థటిస్ట్ గానీ ఇస్తారు. సీఆర్‌ఎన్‌ఏ అంటే ఐసీయూలో కనీసం ఏడాది పనిచేసి, ఆపైన అనస్థీషియాలోనే ప్రత్యేకంగా చదివిన నర్సు. కొత్తగా చేరేవాళ్లకి ఇప్పుడది డాక్టరేట్ స్థాయి చదువు.

ఈ గీత ఎందుకు గీశారన్నదే అసలు సంగతి. మిడజోలామ్ ఎక్కువైతే ఫ్లుమజెనిల్ ఉంది, ఫెంటనిల్ ఎక్కువైతే నలోక్సోన్ ఉంది. ప్రొపోఫోల్‌కి విరుగుడు మందు లేదు. తేలికగా మొదలైన మత్తు తెలియకుండానే లోతుకి జారి ఊపిరి ఆగితే, మందు ప్రభావం దిగేదాకా మాస్కు బిగించి ఊపిరి ఊదాలి, అవసరమైతే గొట్టం వేయాలి. అందుకే జనరల్ అనస్థీషియాలో శిక్షణ ఉన్నవాళ్లే దాన్ని ఇవ్వాలని, ఇచ్చే మనిషి పరీక్షలో చెయ్యి పెట్టకూడదని, మందులకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మందు లేబుల్ మీదే రాయించింది. ఆ మాట తీసేయమని పేగుల డాక్టర్లు 2005లో అడిగారు, 2010లో ఎఫ్‌డీఏ కాదంది. నాకైతే కాదనడమే సబబనిపించింది. స్కోపు తిప్పే డాక్టరు కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి, మన ఛాతీ మీద కాదు.

సీఆర్‌ఎన్‌ఏ పైన డాక్టర్ ఉండాలా అన్నది ఇంకో పేచీ. ఉండాలన్నది మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) నియమం. కానీ వద్దనుకుంటే గవర్నరు లేఖ రాసి తప్పించుకోవచ్చు. 2001లో అయోవాతో మొదలై చాలా రాష్ట్రాలు అలా తప్పుకున్నాయి. దీని గురించి రోగిగా మనం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మరి ఏది మేలు? ఆరోగ్యంగా ఉండి మామూలు స్క్రీనింగ్‌కే వెళ్తుంటే నర్సు ఇచ్చే మితమైన మత్తు చాలు. కాస్త లాగినట్టు, ఉబ్బినట్టు అనిపించవచ్చు, మధ్యలో మాటలు వినపడొచ్చు. నేను దానికే ఒప్పుకున్నాను. గురక, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), బాగా ఎక్కువ బరువు, గుండె జబ్బు, రోజూ నిద్రమాత్ర లేదా మద్యం అలవాటు ఉంటే మాత్రం మొహమాటపడకుండా అనస్థీషియా మనిషినే అడగాలి. మన మగవాళ్లు గురకని జబ్బుగా లెక్కేయరు, ఫారంలో రాయరు. రాయండి.

డబ్బు సంగతి: స్క్రీనింగ్‌కి అనస్థీషియా అవసరమని డాక్టర్ రాస్తే చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు దానికి వేరే వాటా అడగకూడదు. అయినా ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఆ ఫోన్‌లోనే ఇంకో రెండు అడగండి: నన్ను కనిపెట్టుకుని ఉండేది ఎవరు, ఊపిరి చూసే కాప్నోగ్రఫీ పెడతారా అని. ఇంటికి తీసుకెళ్లే మనిషిని కూడా మాట్లాడి పెట్టుకోండి. ఏ మత్తైనా సరే, ఒంటరిగా క్యాబ్‌లో వెళ్లిపోతానంటే చాలా సెంటర్లు అసలు సూదే వేయవు.